ఉమ్మి చెప్పిన సాక్ష్యము

పూర్వకాలమున మన దేశమందు దొంగతనపు నింద పడిన వానిని పరీక్షించుటకు ధర్మశాస్త్రకారులు విధించిన దివ్యములలో తండులదివ్య మనునది యొకటి కలదు. తెల్లని బియ్యమును ఎండబెట్టి, మట్టిపాత్రలో నుంచి, సూర్యప్రతిమను స్నానము చేయించిన నీటితో తడిపి, ఆ రాత్రి యంతయు నట్లే కాపాడెడివారు. మరునాటి యుదయమున, ఉపవాసముండి స్నానము చేసిన నిందితుడు తూర్పుముఖమై, ఆ గింజలను నోట బోసికొని నమలి, రావియాకుమీదనో భూర్జపత్రముమీదనో ఉమియవలెను. ఉమిసిన పిండిలో నెత్తురుజాడ కనబడినను, దవడలు గాని అంగిలి గాని చెదరినను, మేను వణకినను వాడు దోషి. ఉమిసినది తెల్లగా నున్నచో వాడు శుద్ధుడు. ఒక మనుష్యుని మానమును, ధనమును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును సైతము, ఆకుమీద పడిన గుక్కెడు ఉమ్మి నిర్ణయించుచుండెను.

యాజ్ఞవల్క్యుడు తుల, అగ్ని, జలము, విషము, కోశము అను నైదు దివ్యములను మాత్రమే పేర్కొనగా, నారదాది స్మృతికర్తలు ఈ తండులమును వానికి జేర్చి, చౌర్యవిషయమునకు దీనిని ప్రత్యేకించిరి. కల్యాణపురమున చాళుక్యుల యేలుబడిలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రచించిన మితాక్షర దేశమున పెక్కు సీమలకు వ్యవహారప్రమాణమయ్యెను. 13వ శతాబ్దిలో తిక్కనకు సమకాలికుడైన కేతన ఆ శాస్త్రసారమును విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగుపద్యములలోనికి దెచ్చెను. కనుక దివ్యముల మాట మనవారికి దూరపుమాట గాదు. తెనుగుదేశపు ధర్మాసనములు ఎరిగిన శాస్త్రమే యది.

ఈ తండులదివ్యమున లోకానుభవము కొంత లేకపోలేదు. భయపడిన వానికి నోరెండుట మనమందరము చూచినదే; 'నోట తడి లేకపోయినది' అని నేటికిని జెప్పుకొందుము. లాలాజలము ఊరని నోట ఎండుబియ్యము గరుకురాయివలె చిగుళ్లను ఒరయును, నెత్తురు వచ్చును. దొంగకు భయమెక్కువ గావున వానికే నోరెండునని ఆ పరీక్షను గల్పించినవారు తలచియుందురు. అయితే నిరపరాధికి భయము లేదా? ధర్మాధికారి యెదుట ఉపవాసముతో నిలిచిన ఏ బీదవానికి నోరెండకుండును? అంతకంటె శోచనీయమైన సంగతి మరియొకటి కలదు. ఇదే దేశమున సుశ్రుతుడు ముఖరోగములను 65గా లెక్కించి, వానిలో దంతమూలములకు, అనగా చిగుళ్లకు, సంబంధించినవి 15 అని విభజించి చెప్పెను. నిష్కారణముగా చిగుళ్లనుండి రక్తము స్రవించి, అవి దుర్గంధముతో నల్లబడి, మెత్తబడి, శీర్ణించుట శీతాదమనియు, చీమునెత్తురు కారి దంతములు కదలుట దంతవేష్టమనియు, మంటపుట్టి, పక్వమై, కొంచెము తాకినంతనే నెత్తురు వచ్చుట ఉపకుశమనియు అతడు వేర్వేరుగా లక్షణములు వ్రాసెను. శీతాదముతో బాధపడుచున్న అమాయకుడొకడు ఆ తండులదివ్యమునకు నిలిచినచో వాని గతి యేమి? వైద్యుని గ్రంథమున రోగముగా లిఖింపబడిన నెత్తురే ధర్మాధికారి యాకుమీద పాపముగా చదువబడెను. రెండు శాస్త్రములును ఒకే భాషలో నున్నను, ఒకదాని మాట రెండవదానికి వినబడలేదు.

ఉమ్మిని సాక్ష్యమడుగుట నేటి విజ్ఞానశాస్త్రము క్రొత్తగా కనిపెట్టిన పని గాదని చెప్పుటకే యింతదూరము వచ్చితిని. అడుగుట ప్రాచీనమే, సరియైన ప్రశ్న నడుగ నేర్చుకొనుటకు మాత్రము మానవునకు రెండువేల యేండ్లకు దగ్గరగా పట్టినది. నేడు లాలాజలమున ముంచిన కాగితపు పట్టీయో, వ్రేలిగోరంత విద్యుద్యంత్రమో, చిగుళ్ల లోపల ఏమి జరుగుచున్నదో చెప్పుటకు యత్నించుచున్నది. ఆ ప్రశ్న నేర్చుకొనిన చరిత్రయే యీ వ్యాసమునకు విషయము.

మన తెనుగువారికి నోటిలోని యీ సంగతులు తెలియనివి గావు, పేర్లే సాక్ష్యము. రాత్రి గడచి తెల్లవారునప్పటికి పండ్లమీద పేరుకొను మెత్తని జిగురుపూత పాచి. అది తీయకయే బహుకాలము నిలిచి, గట్టిపడి, గోరుతో గీచినను రానిది గార. పాశ్చాత్యదంతవైద్యులు వేర్వేరు నామములతో చెప్పు రెండు దశలను మన పల్లెటూరి యిల్లాలు రెండు చిన్నమాటలతో వేరుచేసినది. నా చిన్నతనమున మా నాయనమ్మ నూతిపళ్లెము దగ్గర వేపపుల్ల నమలుచు, దాని కొన యెఱ్ఱబడినప్పుడెల్ల, "ఒంట్లో వేడి చేసిందిరా" అని చెప్పి, ఆ నాడు మజ్జిగ యెక్కువ త్రాగెడిది. ఆ యెఱుపు ప్రతిదినమును కనబడుచునేయుండెను; ఆమె పండ్లు ఒక్కొక్కటియే కదలి, యేబదియేండ్లు నిండునప్పటికి ముందువరుస యంతయు రాలిపోయెను. నొప్పి లేదు గనుక రోగమని యెవ్వరును తలపలేదు. పన్ను పుచ్చినచో నొప్పి యరచి పిలుచును. చిగురురోగము మాత్రము చెదపురుగువలె చప్పుడులేక తినివేయును.

ఉమ్మి విషయమున మన మనస్సులో రెండు భావములు కలవు. ఎంగిలి యన్నచో అంటరానిదని దూరముగా తొలగుదుము; అయినను శబరి యెంగిలిపండ్లను రాముడు స్వీకరించెనని చెప్పుకొని కన్నీరు పెట్టుకొందుము, శ్రీకాళహస్తిలో తిన్నడు నోటినీటితో శివుని అభిషేకించిన కథను భక్తితో విందుము. హేయమని త్రోసివేసినదానినే ప్రేమ యావేశించినప్పుడు పవిత్రముగా నెంచితిమి. దానిని పరీక్షాద్రవ్యముగా చూడవలెనన్న బుద్ధి మాత్రము ప్రపంచమున నెక్కడను త్వరగా పుట్టలేదు. మూత్రమును, నాడిని, నెత్తురును వైద్యులు వేలయేండ్లుగా పరీక్షించిరి గాని, లాలాజలము చిరకాలము వారి దృష్టికి దూరముగనే యుండెను.

ఆ దృష్టి మొదట ప్రసరించినది 17వ శతాబ్దిలో. 1656లో లండను వైద్యుడు థామస్ వార్టన్ క్రిందిదవడ గ్రంథినుండి లాలాజలము వచ్చు నాళమును వర్ణించెను. 1660లో నీల్స్ స్టెన్సెన్ అను డెన్మార్కు యువకుడు ఆమ్‌స్టర్‌డామునందు ఒక గొఱ్ఱెతలను కోయుచుండగా చెంపలోని గ్రంథినుండి నోటిలోనికి దారితీయు నాళము బయటపడెను. ఉమ్మి యెక్కడనుండి వచ్చునో అంతటితో తెలిసెను. దానిలో నేమున్నదో చూచినవాడు డెల్ఫ్టు పట్టణపు బట్టలవర్తకుడైన ఆంటనీ వాన్ లేవెన్‌హుక్. 1683 సెప్టెంబరు 17వ తేదీన లండను రాయల్ సొసైటీకి వ్రాసిన లేఖలో అతడు తన దంతధావనవిధిని సవిస్తరముగా చెప్పెను: ప్రతి యుదయమును ఉప్పుతో పండ్లు తోముకొని పుక్కిలించుట, భోజనానంతరము పుల్లతో సందులు శుభ్రపరచుకొనుట, గుడ్డతో గట్టిగా రుద్దుట, అందువలన తన చిగుళ్లు ఎంతటి గట్టి ఉప్పు రాచినను నెత్తురు చిందవని యతడు సగర్వముగా వ్రాసెను. అయినను పండ్లసందున మిగిలిన కొంచెము తెల్లని పాచిని తీసి, వాననీటితోను ఉమ్మితోను కలిపి, తాను నూరుకొనిన చిన్న కటకములో చూడగా, దానిలో జీవములు ఈదుచు, గిరగిర తిరుగుచు కనబడెను. జన్మమున పండ్లు తోమని ముసలివాని నోటినుండి తీసినదానిలో నవి యింకను హెచ్చుగా నుండెను. మానవశరీరమున సూక్ష్మజీవులను మానవుడు చూచిన తొలిసారులలో నిది యొకటి, అదియు పాచిలోనే.

తరువాతి రెండు శతాబ్దములు ఆ జీవములకును చిగురురోగమునకును గల బంధమును తెలిసికొనకయే గడచిపోయినవి. 1728లో పారిస్‌న పియెర్ ఫొషార్ దంతచికిత్సను గ్రంథరూపమున శాస్త్రముగా నిలబెట్టెను. అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరమున జాన్ రిగ్స్ అను దంతవైద్యుడు 19వ శతాబ్దిమధ్యమున, చిగుళ్లనుండి చీముకారు పండ్లను పీకివేయక, గారను పూర్తిగా గోకితీసి వానిని నిలబెట్టవచ్చునని బోధించెను. ఆ రోగమునకే కొంతకాలము రిగ్స్ వ్యాధి యను పేరు వాడుకలో నుండెను. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో పారిస్‌నకు చెందిన మైకేల్స్, ఫిలడెల్ఫియాకు చెందిన ఎడ్వర్డ్ కర్క్ అను నిరువురు దంతవిద్వాంసులు, మూత్రమువలెనే ఉమ్మియు దేహస్థితిని సూచింపగలదని వ్యాసములు వ్రాసిరి. ఊహ గొప్పది, కాని దానిని నిరూపించు తూకములు, కొలతలు, రసాయనసాధనములు ఆనాడు లేవు. విత్తనము ముందుగా పడినది, వాన రాలేదు.

ఈలోగా దంతవైద్యుల చేతికి వచ్చిన సాధనము సన్నని లోహపుకడ్డీ. మిల్లీమీటరుల గుర్తులు చెక్కిన ఆ కడ్డీని పంటికిని చిగురుకును నడుమగల సందులోనికి మెల్లగా దింపి, ఎంతలోతు పోవునో కొలుతురు. ఆరోగ్యవంతుని నోట ఆ లోతు సాధారణముగా మూడు మిల్లీమీటరులకు మించదు. నాలుగును ఐదును దాటినచో, చిగురు పంటిని వదలి క్రిందికి జారినదనియు, లోపలి యెముక కరగుచున్నదనియు భావింతురు. ఒక్కొక్క పంటిచుట్టును ఆరుచోట్ల, నోరంతయు కొలిచినచో నూటయేబదికి పైగా కొలతలు. వైద్యుడు అంకెలు చదువుచుండగా సహాయకుడు వ్రాసికొనును. రోగి కుర్చీచేతులను గట్టిగా పట్టుకొనియుండును. నేటికిని ఇదియే ప్రమాణపరీక్ష. కాని దీనిలో మూలగతమైన లోపమొకటి కలదు. కడ్డీ చెప్పునది గతము. ఎంత నేల కోతకు గురియైనదో అది కొలుచును. నది యిప్పుడు కోయుచున్నదా, లేదా యనునది అది చెప్పజాలదు.

ఆ భేద మెంత ముఖ్యమో రెండు పరిశోధనలు లోకమునకు తెలియజేసినవి. 1965లో డెన్మార్కు దేశపు ఆర్హస్ నగరమున హెరాల్డ్ లోయి అను నార్వే విద్వాంసుడు, తన సహచరులతో గూడి, ఆరోగ్యవంతులగు 12 మందిని పండ్లు తోముట మానుడని కోరెను. వారిలో తొమ్మండుగురు దంతవైద్యవిద్యార్థులు. పదిదినములనుండి ఇరువదియొక్క దినములలోపల అందరి చిగుళ్లును వాచి యెఱ్ఱబడెను. మరల తోముకొన నారంభింపగా వారముదినములకే అవి మునుపటివలె నయ్యెను. పాచియే చిగురువాపునకు కారణమని దీనితో తేలిపోయెను. కాని ఆ వాపు అందరిలోను పండ్లు రాలువరకు పోవునా? ఆయనయే శ్రీలంక తేయాకుతోటలలో, దంతధావన మెరుగని 480 మంది తమిళశ్రామికులను 1970 మొదలుకొని పదునైదేండ్లు పరిశీలించెను. అందరి పండ్లమీదను పాచియు గారయు సమృద్ధిగా నుండెను. అయినను నూటికి 8 మందిలో వ్యాధి అతివేగముగను, 81 మందిలో మధ్యమవేగముతోను నడచెను. తక్కిన 11 మందిలో చిగురువాపు దాటి ముందునకు పోనేలేదు. నేల ఒకటే, వాన ఒకటే, గట్టు తెగుట మాత్రము అన్నిచోట్ల సమానముగా లేదు. 1980 తరువాతి సంవత్సరములలో సోక్రాన్‌స్కీ, గుడ్‌సన్ ప్రభృతులు, ఈ వ్యాధి నిలుకడగా గాక, కొంతకాలము నిద్రించి కొంతకాలము విజృంభించునని ప్రతిపాదించిరి. అట్లయినచో విజృంభించుచున్న ఘడియను పట్టుకొనుట యెట్లు? ఈ ప్రశ్నయే ఉమ్మిని మరల సాక్షిపీఠమున నిలిపినది.

సమాధానమునకు దారి మూడుదిక్కులనుండి వచ్చినది. మొదటిది చిగుళ్ల సందులోని చెమ్మ. 1958లో బ్రిల్, క్రాసే అను స్కాండినేవియా శాస్త్రజ్ఞులు కుక్కల కండరములలోనికి ఫ్లోరసీను అను మెఱయు రంగుద్రవ్యమును సూదితో నెక్కించి, చిగురుసందున సన్నని వడపోతకాగితపు ముక్కలను దూర్చి తీయగా, ఆ రంగు కాగితమున మెఱసెను. అనగా నెత్తురులోనిది చిగురుసందుగుండ నోటిలోనికి ఊరుచున్నదన్నమాట. ఆ ఊట ఆరోగ్యమున అత్యల్పము, వాపుతో హెచ్చును, కడకు ఉమ్మిలోనే కలియును. నోటిలోని ఉమ్మి కేవలము గ్రంథులు ఊరించిన నీరు గాదనియు, చిగుళ్లలోపలి యుద్ధవార్త దానిలో ప్రవహించుచున్నదనియు అంతటితో స్పష్టమయ్యెను.

రెండవది, ఎవ్వరును ఊహింపనిచోటునుండి వచ్చినది: కప్పపిల్ల తోకనుండి. చెరువున తోకతో నీదు చిఱుకప్ప పెరిగి కప్పయగునప్పుడు ఆ తోక రాలిపోదు, లోలోపలనే కరగిపోవును. తోకను గట్టిగా పట్టియుంచు కొల్లాజెను అను త్రాటివంటి ప్రోటీను మామూలుగా దేనికిని లొంగదు. అది యెట్లు కరగుచున్నది? 1962లో బోస్టను నగరమున జెరోమ్ గ్రాస్, షార్ల్ లాపియేర్ అను నిరువురు ఆ తోకముక్కలను కొల్లాజెనుతో చేసిన ముద్దమీద నుంచి చూడగా, ముక్కలచుట్టును ముద్ద కరగి స్వచ్ఛమైన వలయము లేర్పడెను. కొల్లాజెనును త్రుంచు ఎంజైము దొరకినది. నాలుగేండ్లలోపల, 1966లో, ఫుల్మర్, గిబ్సన్ అనువారు మానవుని చిగుళ్లలోను అట్టి శక్తియే యున్నదని చూపిరి. పంటిని యెముకకు కట్టియుంచు బంధములును కొల్లాజెనుతో నేసినవే. సూక్ష్మజీవులను ఎదిరించుటకు పరుగెత్తివచ్చిన తెల్ల రక్తకణములు తమ సంచులలోని యీ ఎంజైమును క్రుమ్మరించును. శత్రువుపై పెట్టిన నిప్పు ఇంటివాసములకే అంటుకొనును. చిగురురోగమున పండ్లు రాలుటకు సూక్ష్మజీవు లెంతకారణమో, వానితో పోరాడు మన దేహమే అంతకారణము. ఆ ఎంజైములలో తెల్లకణములకు ప్రత్యేకమైన దానికి శాస్త్రజ్ఞులు ఎం.ఎం.పి.-8 అని పేరు పెట్టిరి.

ఇచ్చట తెనుగువాడు ఒక్క క్షణము ఆగి తలవంచి నమస్కరింపవలసిన మలుపొకటి వచ్చును. 1895లో భీమవరమున జన్మించి, దారిద్ర్యముతోను రోగముతోను పోరాడి అమెరికా చేరిన యెల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు అధిపతిగా నున్నప్పుడు, ఆయన నాయకత్వముక్రింద బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అను ఔషధమును కనుగొనెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఆ ఔషధమే టెట్రాసైక్లిన్ వంశమునకు మూలపురుషుడు. ఆ యేడే సుబ్బారావు కన్నుమూసెను. 1983లో న్యూయార్కు రాష్ట్రపు స్టోనీబ్రూకున లార్న్ గోలబ్, ఆ వంశపు మందులు సూక్ష్మజీవులను చంపుటయే గాక, చిగుళ్లలోని కొల్లాజెనును త్రుంచు ఎంజైమును సైతము అణచునని కనుగొనెను. సూక్ష్మజీవులను చంపజాలని స్వల్పమోతాదులో, 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ను చిగురురోగమునకు సహాయౌషధముగా 1998లో అమెరికా ప్రభుత్వ మంగీకరించినది. భీమవరపు బిడ్డ నాటిన చెట్టు తానెన్నడును చూడని పొలమునకు నీడయైనది. ఆ ఎంజైము కేవలము రోగమునకు గుర్తు గాదనియు, రోగము చేయు పనికే అది పనిముట్టనియు ఈ యనుభవము దృఢపరచెను.

మూడవ దారి కొలత. 1962లో లీలండ్ క్లార్క్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు చక్కెరను గుర్తుపట్టు ఎంజైమును విద్యుద్ధ్రువమునకు జోడించి, రక్తములోని చక్కెరను విద్యుత్తుగా చదువు విధమును ప్రకటించెను. నేడు మధుమేహము గలవారి యిండ్లలో వ్రేలికొన పొడుచుకొని చూచుకొను పరికరములన్నియు ఆ యూహ సంతానమే. జీవసంవేదిని, లేదా సెన్సారు, అనుదానికి రెండే అంగములు: కావలసిన పదార్థమును వేలకొలది యితరపదార్థముల నడుమ గుర్తుపట్టు అంగమొకటి, ఆ గుర్తింపును కంటికో విద్యుత్తునకో తెలియజేయు అంగమొకటి. తాళమునకు సరిపడు చెవివలె ఒక్క ప్రోటీనునకే అతుకు ప్రతిరక్షకము మొదటి పనిని జేయును. రంగుగీతయో, విద్యుత్ప్రవాహమో రెండవదానిని జేయును. నోటిలోనికే యంత్రమును పంపుట సైతము అదే దశాబ్దిలో మొదలైనది: 1966లో జ్యూరిక్ నగరమున గ్రాఫ్, మ్యూలెమన్ అనువారు పండ్లసందున చిన్న గాజుధ్రువమును అమర్చి, పాచియొక్క పులుపు ఎట్లు మారుచున్నదో రేడియోతరంగములద్వారా వెలుపలినుండి చదివిరి.

ఈ మూడు దారులు కలిసినచోట ఫిన్లండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయమున తీమో సోర్సా ప్రభృతులు దశాబ్దములతరబడి పనిచేసిరి. తెల్లకణముల సంచినుండి వెలువడిన ఎం.ఎం.పి.-8 మొదట నిద్రించుచుండును. వాపు రగిలినచోట అది మేల్కొని పనికి దిగును. ఆ మేల్కొన్న రూపమును పట్టు ప్రతిరక్షకములను కాగితపు పట్టీమీద నతికించి, గర్భపరీక్షకు వాడు పట్టీవంటిదే చిగుళ్లకును తయారుచేసిరి. రోగి కొంచెము నీటితో పుక్కిలించి ఆ నీటిని చిన్న గిన్నెలో నుమియును. దానిలో కొన్ని చుక్కలను పట్టీకొనమీద వేయుదురు. తడి మెల్లగా కాగితమువెంబడి ప్రాకును. ఐదునిమిషములలో ఒక గీత కనబడినచో పరీక్ష సరిగా జరిగినదని యర్థము. దానిప్రక్క రెండవ గీతయు తేలినచో ఎంజైము మితిమీరినదని యర్థము. మిల్లీలీటరునకు 20 నానోగ్రాములు ఆ మితి. నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవవంతు. సూది లేదు, నొప్పి లేదు. కుర్చీచేతులను గట్టిగా పట్టుకొనవలసిన పని లేదు.

2002లో అమెరికా జాతీయదంతపరిశోధనసంస్థ లాలాజలపరీక్షాయంత్రముల నిర్మాణమునకు ప్రత్యేకముగా ధనసహాయ మారంభించినది. దాని ఫలముగా, కాలిఫోర్నియాలోని సాండియా ప్రయోగశాలలో ఎమీ హెర్, అనూప్ సింగ్ ప్రభృతులు మిషిగన్ విశ్వవిద్యాలయపు దంతవైద్యులతో గూడి, 20 మైక్రోలీటరుల ఉమ్మిలో, అనగా ఒక చిన్న బొట్టులో, ఎం.ఎం.పి.-8ను పదినిమిషములలోపల కొలుచు సూక్ష్మయంత్రమును 2007లో ప్రకటించిరి. మరుసటియేట లాలాజలమందలి ప్రోటీనుల పట్టిక వెలువడినది. దానిలో 1,166 పేర్లు కలవు. నూటికి 99 వంతులు నీరేయని మనము చులకనగా చూచిన ఉమ్మిలో, ఆ మిగిలిన యొక్క వంతున ఇంత సంపద దాగియున్నది. 2012లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున మైకేల్ మెకాల్పైన్ బృందము, పట్టుపొరమీద గ్రాఫీను అను అతిసూక్ష్మమగు బొగ్గుపొరను ముద్రించి, పంటిమీద నతికించి, పట్టు నీట కరగిపోగా గ్రాఫీను మాత్రము పంటికి అంటియుండునట్లు చేసి, బ్యాటరీ లేకయే సూక్ష్మజీవులను దూరమునుండి పసిగట్టు విధమును చూపెను. ఇట్టివి ఇంకను ప్రయోగశాలల గడప దాటవలసియున్నవి. కాని దిశ స్పష్టమైనది. 2017లో చికాగోన సమావేశమై, 2018లో చిగురురోగముల నూతనవర్గీకరణమును ప్రకటించిన ప్రపంచవిద్వాంసులు, వ్యాధియొక్క వేగమును నిర్ణయించునప్పుడు ఇట్టి జీవసూచికలకు ముందుముందు చోటుండవలెనని ఒప్పుకొనిరి.

ఇంత చెప్పిన పిమ్మట హద్దులనుగూడ చెప్పుట ధర్మము. ఉమ్మి నోరంతటికిని ఉమ్మడిసొత్తు. ఏ పంటియొద్ద నిప్పంటుకొనినదో అది చెప్పదు, ఇంట నెక్కడనో పొగ లేచినదని మాత్రమే చెప్పును. ఆ చోటు వెదకుటకు వైద్యుని కన్నును, ఆ పాత కడ్డీయును కావలసినదే. ప్రొద్దునను సాయంకాలమునను ఉమ్మి ఊట ఒక్కటిగా నుండదు. ఊట మారినప్పుడు దానిలోని పదార్థముల గాఢతయు మారును. పొగత్రాగువాని చిగుళ్లలో నెత్తురునాళములు ముడుచుకొనియుండుటచే నెత్తురు సులభముగా రాదు. రోగము ముసుగు వేసికొని తిరుగును. కావున ఒక్కసారి తేలిన గీతయే తుదితీర్పు గాదు. ఈ సెన్సారులకు నిజమైన బలము పోలికలో నున్నది: ఒకే మనుష్యుని ఉమ్మిని నెలనెలకు చూచుట, గార తీయించిన పిమ్మట గీత మాసిపోయినదా యని చూచుట, మరల తేలినచో వెంటనే పిలుచుట. వైద్యశాల దూరమైన పల్లెలలో, దంతవైద్యుని మొగమెరుగని కూలిజనమునడుమ, మధుమేహమును చిగురురోగమును ఒకదాని నొకటి పెంచుకొను దేహములలో, అట్టి ముందుపిలుపు ఎంత విలువగలదో చెప్పనక్కరలేదు. తీవ్రమైన చిగురురోగము ప్రపంచమున నూరుకోట్లకు పైబడిన జనమునకు కలదని 2022లో ప్రపంచారోగ్యసంస్థ లెక్కకట్టినది. అంతమంది నోట కడ్డీ దింపి కొలుచుటకు దంతవైద్యులు చాలరు. ఉమియుట మాత్రము అందరికిని వచ్చును.

ఇక్కడనే ఆ ప్రాచీనదివ్యమును మరువరాదు. రావియాకుమీది నెత్తురును చదివినవారు కేవలము క్రూరులు గారు, సత్యమును వెదకినవారే. వారి లోపము సాక్షిని తప్పుగా నెంచుటలో లేదు, తప్పుప్రశ్న నడుగుటలో నున్నది. ఉమ్మి అబద్ధమాడలేదు, 'ఈతని చిగుళ్లు వ్రణపడినవి' అని నాడును నిజమే చెప్పినది, వినువారు దానిని 'ఈతడు దొంగ' అని యర్థము చేసికొనిరి. యంత్రము సూక్ష్మమైనంతమాత్రమున ఆ ప్రమాదము తొలగిపోదు. రెండవ గీత తేలిన వానిని 'పండ్లు తోమని మురికివాడు' అని గద్దించుటకో, ఉద్యోగమునకో బీమాకో అనర్హుడని త్రోయుటకో ఆ పట్టీని వాడినచో, మనము సూర్యప్రతిమ నీటికి మారుగా రసాయనములు వాడిన తండులదివ్యమునే నడిపినవార మగుదుము. గీత తేలినవానికి, రమ్ము, కూర్చుండుము, గార తీయుదము, ఈ పన్ను నిలుచునని చెప్పువా డొకడు ప్రక్కన నుండినప్పుడే ఆ గీతకు విలువ.

మా నాయనమ్మ పుల్లకొనయందలి యెఱుపును నేను చిన్నతనమున ఎన్ని యుదయములు చూచితినో లెక్కలేదు. సాక్ష్యము ప్రతిదినమును నూతిపళ్లెముమీద పడుచునేయుండెను. చెంబెడు నీళ్లు పోసి కడిగివేయుచుంటిమి.